ఆర్సెనిక్ లేని బోరు, ఎవరూ పరీక్షించని చెరువు

2023 మే మొదటి వారంలో, కైకలూరు వైపు కొల్లేరు అంచున ఉన్న ఒక ఊరి నుంచి ఒక రొయ్యల రైతు ఫోన్ చేశారు. "సార్, మా బోరు నీళ్లలో ఆర్సెనిక్ ఉందని రిపోర్టు వచ్చిందండి. ఉండాల్సినదానికి రెండింతలంట. ఊరంతా తెలిసిపోయింది. ఆ నీళ్లతో పిల్లలకి స్నానం చేయించడానికి కూడా భయపడుతున్నారు. ఒక్కసారి మీరొచ్చి చూడాలండి" అన్నారు.

ఆ ప్రాంతంలో ఇలాంటి భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2020 డిసెంబర్‌లో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయిన రోజులు అక్కడివాళ్లకి ఇంకా గుర్తే. కొందరి రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆనాటి నుంచి నీళ్ల రిపోర్టులో ఏ లోహం పేరు కనబడినా ఊళ్లకి ఊళ్లే టెన్షన్ పడతాయి. నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ కేసు మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో నాణ్యత పరీక్షలన్నీ పాసైనా జవాబు తప్పయింది. అసలు సమస్య మాత్రం ఎవరూ శాంపిల్ తీయని చోట ఉంది.

ఆ రైతు వాట్సాప్‌లో పంపిన రిపోర్టు చూశాను. ఒక ప్రైవేట్ ల్యాబ్ చేసింది. ఇరవై రెండు లోహాలు, ఐసీపీ-ఎంఎస్ అనే లోహాలు కొలిచే మెషీన్ మీద. ఆర్సెనిక్ లీటరుకు 0.021 మిల్లీగ్రాములు, అంటే 21 మైక్రోగ్రాములు. తాగునీటికి మన ఐఎస్ 10500 ప్రమాణం 0.01, అంటే 10 మైక్రోగ్రాములు. లీటరుకు ఒక మైక్రోగ్రాము అంటే పది లక్షల లీటర్ల నీళ్లలో ఒక్క గ్రాము. అంత చిన్న లెక్కలో జరిగే పని ఇది. రిపోర్టు వెనక నాణ్యత వివరాలు కూడా జత చేశారు. ఒకే శాంపిల్‌ని రెండుసార్లు చేస్తే దగ్గర దగ్గరగా వచ్చింది. తెలిసినంత ఆర్సెనిక్ కలిపి చూస్తే 97 శాతం తిరిగి వచ్చింది. ఏ లోహం ఎంతుందో ముందే తేల్చి అమెరికా ప్రమాణ సంస్థ నిస్ట్ తయారుచేసే రిఫరెన్స్ నీళ్లలో కూడా ఆర్సెనిక్ సరిగ్గానే వచ్చింది. ఇలాంటి రిపోర్టు చూస్తే ఎవరైనా నమ్ముతారు. నేనూ సగం నమ్మాను.

పట్టిక కింది వరకూ చదివాక ఒక అంకె దగ్గర ఆగిపోయాను. వెనేడియం 34 మైక్రోగ్రాములు. వెనేడియానికి ఐఎస్ 10500లో హద్దే లేదు, అందుకే ఆ వరుసని ఎవరూ పట్టించుకోలేదు. కానీ ఆర్సెనిక్, వెనేడియం రెండూ కలిసి పెరిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఉప్పు.

ఎందుకో చెప్తాను. ఐసీపీ-ఎంఎస్‌లో నీళ్లని సన్నని తుంపరగా చేసి, వేల డిగ్రీల వేడి ఉన్న ఆర్గాన్ ప్లాస్మాలోకి పంపుతాం. అక్కడ అణువులన్నీ విడిపోయి, పరమాణువులు అయాన్లుగా మారతాయి. మెషీన్ వాటిని ద్రవ్యరాశిని బట్టి వేరు చేసి లెక్కపెడుతుంది. ఒకే మూలకంలో ద్రవ్యరాశి తేడా ఉన్న రూపాల్ని ఐసోటోపులంటారు. ఆర్సెనిక్‌కి ఉన్నది ఒకే ఒక్క స్థిరమైన ఐసోటోపు, ద్రవ్యరాశి 75. మరి ప్లాస్మాలో ఆర్గాన్ ఉంది, దాని ద్రవ్యరాశి 40. నీళ్లలో ఉప్పు తెచ్చే క్లోరైడ్ ఉంటే క్లోరిన్ 35 కూడా అక్కడికి వస్తుంది. ఈ రెండూ చల్లబడేచోట జతకడితే మొత్తం 75. మెషీన్‌కి అది ఆర్సెనిక్‌లాగే కనిపిస్తుంది. అలాగే క్లోరిన్ 35, ఆక్సిజన్ 16 కలిస్తే 51, అది వెనేడియం స్థానం. ఆర్సెనిక్‌కి ఇంకో ఐసోటోపు ఉండుంటే అక్కడ సరిచూసుకునేవాళ్లం. ఆ వీలు లేదు.

రైతుకి తిరిగి ఫోన్ చేసి ఒకటే అడిగాను: "ఆ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయా అండి?" "ఉప్పు బోరేనండి. వనామీ రొయ్యల చెరువులకి పెట్టేది అదే కదా. ఆ వీధివాళ్లు స్నానాలకి, గిన్నెలు కడుక్కోడానికి, గేదెలకి వాడతారు. నోట్లో పోసుకోలేం" అన్నారు. కొల్లేరు నీళ్లని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు చుట్టుపక్కల భూగర్భ జలం చాలా చోట్ల అలాంటిదే. సముద్రం దూరంగా ఉన్నా, డెల్టా మట్టి పొరల్లో పాత ఉప్పు నీళ్లు నిలిచే ఉంటాయి. ఆ ఉప్పుదనం వల్లనే అక్కడ రొయ్య పెరుగుతుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు

మే రెండో వారంలో వెళ్లాను. ముందు నా వల్ల జరిగిన తప్పులు చెప్పాలి.

శాంపిల్ సీసాలు పద్ధతి ప్రకారమే సిద్ధం చేసుకున్నాం. పది శాతం నైట్రిక్ ఆసిడ్‌లో నానబెట్టి, అతి శుద్ధమైన నీళ్లతో కడిగిన ప్లాస్టిక్ సీసాలు. కొత్తగా చేరిన అబ్బాయి చేతులకి గ్లౌజులు వేసుకున్నాడు, కానీ అవి పౌడరున్న రబ్బరు గ్లౌజులు. రబ్బరు తయారీలో జింక్ సమ్మేళనాలు వాడతారు. ల్యాబ్ నుంచి తీసుకెళ్లిన శుద్ధమైన నీళ్లని అక్కడే ఒక సీసాలో పోసి ఫీల్డ్ బ్లాంక్‌గా తెచ్చాం, శాంపిల్ తీసేటప్పుడు బయటి నుంచి ఏమైనా అంటిందేమో తెలియడానికి. అందులో 38 మైక్రోగ్రాముల జింక్ వచ్చింది. బ్లాంక్ లేకపోతే ఆ జింక్‌ని బోరుకి అంటగట్టేవాళ్లం. ఆ రోజు తెచ్చిన శాంపిల్స్‌లో జింక్ ఫలితాలన్నీ రద్దు చేశాను.

ఈ పొరపాటు కొత్తదేమీ కాదు. అమెరికాలో క్లెయిర్ ప్యాటర్సన్ భూమి వయసు కనుక్కోవడానికి రాళ్లలో సీసం కొలవబోయినప్పుడు ఇదే గోడకి తగిలాడు. సీసాలు, గాలి, చేతులు, రసాయనాలు అన్నింటి నుంచీ సీసం శాంపిల్‌లోకి చేరుతోందని చూపించి, దుమ్ము రాని ల్యాబ్ కట్టుకున్నాడు. అమెరికా నదుల్లో దేశవ్యాప్తంగా ఏళ్ల తరబడి పోగుచేసిన లోహాల లెక్కల్లో చాలా భాగం శాంపిల్ తీసేటప్పుడు అంటిన కాలుష్యమేనని 1991లో తేలింది. అంత పెద్ద వ్యవస్థకే జరిగింది. బ్లాంక్ తీయకుండా తెచ్చిన శాంపిల్‌ని నేను ఇప్పుడు ల్యాబ్‌లోకే రానివ్వను.

రెండో తప్పు ఇంకా పెద్దది. బోరు నీళ్లని అక్కడికక్కడే వడకట్టి ఆసిడ్ కలపాలి. ఎండ విపరీతంగా ఉంది, అందరూ చుట్టూ మూగి అడుగుతున్నారు, సాయంత్రం ల్యాబ్‌లో వడకడదాంలే అనుకున్నాను. తెచ్చేసరికి సీసా అడుగున గోధుమరంగు మడ్డి. భూమి లోపల గాలి తగలకుండా ఉన్న ఇనుము పైకి వచ్చి గాలి తగలగానే తుప్పులా మారి పేరుకుంటుంది. పేరుకునేటప్పుడు ఆర్సెనిక్‌ని కూడా తనతో పట్టుకుపోతుంది. అప్పుడు వడకడితే ఆర్సెనిక్ కాగితం మీద మిగిలిపోయి, నీళ్లలో తక్కువ కనబడుతుంది. ఆర్సెనిక్ లేదని రుజువు చేయడానికి వెళ్లినవాడు అలాంటి శాంపిల్ మీద నిలబడకూడదు. కాబట్టి వారం తర్వాత మళ్లీ వెళ్లాల్సి వచ్చింది.

ఆ మొదటి రోజే ఇంకొకటి జరిగింది. బోరు దగ్గర పని ముగించుకుంటుంటే పక్కింటి మామ్మ గారు అంట్లు తోముతూ పిలిచారు. "బాబూ, మీరు బోరు చూస్తున్నారు గానీ, ఈ బిందె చూడండి" అని స్టీలు బిందె వంచి చూపించారు. లోపల నల్లటి పొర, జిడ్డులా. "ఎండాకాలం వస్తే చాలు, కొళాయి నీళ్లు పట్టిన బిందెకల్లా ఇదే. చింతపండు పెట్టి తోమినా నాలుగు రోజులకి మళ్లీ వస్తుంది. తెల్ల బట్టలు పసుప్పచ్చగా అయిపోతాయి." నేను నోట్‌బుక్‌లో "బిందె, నల్ల పొర, కొళాయి" అని రాసుకున్నాను. శాంపిల్ మాత్రం తీయలేదు. నా బుర్రంతా ఆర్సెనిక్ మీదే ఉంది.

ఉప్పుతో పరీక్ష

రెండోసారి బోరుని ఇరవై నిమిషాలు నడిపించి, గట్టు మీదే సిరంజికి 0.45 మైక్రాన్ల ఫిల్టరు బిగించి వడకట్టి, వెంటనే నైట్రిక్ ఆసిడ్ కలిపాం. వడకట్టకుండా ఆసిడ్ కలిపిన సీసా ఇంకొకటి. క్లోరైడ్ టైట్రేషన్ చేస్తే లీటరుకు 2,900 మిల్లీగ్రాములు వచ్చింది.

మా మెషీన్‌లో ముందు ఆ ప్రైవేట్ ల్యాబ్ చేసిన విధంగానే, ఏ గ్యాసూ వాడకుండా, పది రెట్లు పలచన చేసి నడిపాం. ఆర్సెనిక్ 20.4 మైక్రోగ్రాములు వచ్చింది. వాళ్ల 21కి దాదాపు సమానం. అంటే వాళ్లు నిర్లక్ష్యంగా చేసిన పని కాదు, ఆ పద్ధతిలో ఎవరు చేసినా అంతే వస్తుంది.

తర్వాత ఆర్సెనిక్ అసలు లేని నీళ్లు తయారుచేశాం. శుద్ధమైన నీళ్లలో నాణ్యమైన సోడియం క్లోరైడ్ కలిపి, క్లోరైడ్ 1,000, 2,000, 3,000 మిల్లీగ్రాములు ఉండేట్టు మూడు సీసాలు. చివరిదానికి లీటరుకి దాదాపు 5 గ్రాముల ఉప్పు పడుతుంది. వాటినీ పది రెట్లు పలచన చేసి అదే విధంగా నడిపితే మెషీన్ వరుసగా 6.8, 13.2, 19.6 మైక్రోగ్రాముల "ఆర్సెనిక్" చూపించింది. వట్టి ఉప్పు నీళ్లు అవి. ఆ అంకెలు స్క్రీన్ మీద సరళరేఖలా పేరుకుంటుంటే చూసి మా అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు.

ఆ తర్వాత మెషీన్‌లో అయాన్లు దాటే చిన్న గదిలో, అంటే కొలిషన్ సెల్‌లో, హీలియం పెట్టి నడిపాం. ఆర్గాన్, క్లోరిన్ జత ఒంటరి ఆర్సెనిక్ అయాన్ కన్నా ఒళ్లు పెద్దది, కాబట్టి హీలియంతో ఎక్కువసార్లు ఢీకొని వేగం పోగొట్టుకుంటుంది. వేగం తగ్గినవాటిని గేటు దగ్గరే ఆపేస్తే అసలు ఆర్సెనిక్ మాత్రమే మిగులుతుంది. బోరు నీళ్లలో 1.9 మైక్రోగ్రాములు. ఉప్పు సీసాల్లో దాదాపు ఏమీ లేదు. వడకట్టని సీసాలోనూ 2.2 దాటలేదు, కాబట్టి మడ్డిలో దాక్కున్నదీ లేదు.

ఒక్క మెషీన్ మాట మీద ఊరికి జవాబు చెప్పడం నాకిష్టం లేదు. అందుకే హైడ్రైడ్ పద్ధతిలో కూడా చేశాం. ఇందులో ఆర్సెనిక్‌ని ఆర్సీన్ వాయువుగా మార్చి, నీళ్ల నుంచి బయటికి లాగి, విడిగా కొలుస్తాం. ఉప్పు నీళ్లలోనే ఉండిపోతుంది. ముందుగా పొటాషియం అయొడైడ్, ఆస్కార్బిక్ ఆసిడ్ కలిపి ఆర్సెనిక్‌ని ఒకే రూపంలోకి తేవాలి, లేకపోతే తక్కువ కనబడుతుంది. ఫలితం 1.7. రెండు వేరువేరు దారుల్లో వెళ్లినా ఒకే చోటికి చేరాం.

ఇప్పుడు మొదటి రిపోర్టుకి జత చేసిన నాణ్యత వివరాలు గుర్తు చేసుకోండి. ఒకే శాంపిల్ రెండుసార్లు చేస్తే రెండుసార్లూ అదే ఉప్పు, కాబట్టి అదే తప్పు తిరిగి వస్తుంది. తెలిసినంత ఆర్సెనిక్ కలిపి చూసే పరీక్ష కూడా దీన్ని పట్టుకోలేదు. దొంగ 19 అలాగే ఉంటుంది, మనం కలిపిన 10 దాని పైన చక్కగా చేరుతుంది, రెండింటి తేడా తీస్తే 97 శాతం వస్తుంది. పలచన చేస్తే దొంగ అంకె కూడా అదే పాళ్లలో తగ్గుతుంది, తిరిగి గుణిస్తే మళ్లీ 20. ఇక నిస్ట్ రిఫరెన్స్ నీళ్లు మంచినీళ్లలాంటివి, వాటిలో అంత క్లోరైడ్ ఉండదు. అంటే ఈ నాలుగు పరీక్షలూ ఉప్పుని చూడనే లేదు. అందుకే ఉప్పు నీళ్లకి ఉప్పు నీళ్ల రిఫరెన్సే కావాలి. కెనడా జాతీయ పరిశోధన మండలి సముద్రపు నీళ్లతో తయారుచేసే రిఫరెన్సులు ఇందుకే ఉన్నాయి. మేం ఆ తర్వాత క్లోరైడ్ 500 దాటిన ప్రతి శాంపిల్‌తో పాటు అంతే క్లోరైడ్ ఉన్న ఉప్పు బ్లాంక్ కూడా నడుపుతున్నాం. ఖర్చు గ్రాముల్లో ఉప్పు, పది నిమిషాల పని.

మామ్మ గారి బిందె

రెండోసారి వెళ్లినప్పుడు ఆ బిందె మాట మర్చిపోలేదు. ఊరి తాగునీళ్లు మంచినీళ్ల చెరువు నుంచి వస్తాయి. వేసవిలో కాలువ కట్టేసే ముందు చెరువు నింపుకుంటారు, మళ్లీ కాలువ వదిలేదాకా ఆ నీళ్లే ఊరికి ఆధారం. చెరువు నుంచి ఇసుక ఫిల్టర్లకి, అక్కడి నుంచి సంపుకి, బ్లీచింగ్ కలిపి ఓవర్‌హెడ్ ట్యాంకుకి, అక్కడి నుంచి వీధి కొళాయిలకి. డబ్బున్న ఇళ్లలో ఇరవై లీటర్ల క్యాన్లు కొంటారు. మామ్మ గారింట్లో తాగడానికీ వండడానికీ కొళాయి నీళ్లే.

చేపల చెరువులో మేత వేసే చిన్న పడవ అడిగి తీసుకుని చెరువు మధ్యకి వెళ్లాం. నీళ్లు రెండు మీటర్ల పైచిలుకు మిగిలాయి. పైన నీళ్లలో కరిగిన ఆక్సిజన్ 7 మిల్లీగ్రాములు ఉంటే అడుగున 0.4. బకెట్ ముంచితే పొరలు కలిసిపోతాయి, అదీగాక ఊళ్లో దొరికింది జింక్ పూత ఉన్న ఇనప బకెట్. అందుకని సన్నని ప్లాస్టిక్ గొట్టం దింపి, చేతి పంపుతో మెల్లగా లాగి, పడవలోనే వడకట్టి ఆసిడ్ కలిపాం. ఒక సీసా బ్లాంక్ నీళ్లని అదే గొట్టం, అదే ఫిల్టరు గుండా పంపి పట్టాం. ఈసారి గ్లౌజులు పౌడరు లేనివి. బ్లాంక్ శుభ్రంగా వచ్చింది.

మాంగనీస్ లెక్కలు ఇవి. చెరువు పైన 0.05 మిల్లీగ్రాములు. అడుగున 1.3. ఫిల్టర్ల ముందు 0.61, ఫిల్టర్ల తర్వాత 0.58. మామ్మ గారి కొళాయిలో కరిగినది 0.52, నల్ల రేణువులతో కలిపి మొత్తం 0.66. ఐఎస్ 10500లో మాంగనీస్ హద్దు 0.1, ఇంకో నీటి దిక్కు లేకపోతే 0.3 దాకా. ఈ అంకెల్ని ఫ్లేమ్ ఏఏఎస్ అనే ఇంకో రకం మెషీన్ మీద కూడా సరిచూశాం.

ఇది ఎక్కడి నుంచో వచ్చి కలిసిన కాలుష్యం కాదు. చెరువు అడుగు మట్టిలో మాంగనీస్ ఆక్సైడ్ రూపంలో ఎప్పుడూ ఉంటుంది, కరగదు. కాలువ కట్టేసి, ఎండ ముదిరి, నీళ్లు కదలకుండా ఉంటే అడుగున ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు అక్కడి బాక్టీరియా ఆక్సిజన్‌కి బదులు ఆ ఆక్సైడ్‌ని వాడుకుంటాయి, మాంగనీస్ కరిగి నీళ్లలోకి వస్తుంది. చెరువులో నీటిమట్టం తగ్గేకొద్దీ పంపు పీల్చేది అడుగు నీళ్లనే, ఎందుకంటే గొట్టం మూతి నేలకి అర మీటరు ఎత్తులో బిగించారు. ఇసుక ఫిల్టర్లు బాగుంటే ఇసుక మీది జీవపొర మాంగనీస్‌ని చాలావరకు పట్టేస్తుంది. అక్కడున్న రెండింటిలో ఒకదాని పైపొర గీకి తీసి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు. అది మూసుకుపోయి, నీళ్లు దానిలోనే నిలిచి, అది కూడా చెరువు అడుగులాగే తయారైంది. తర్వాత బ్లీచింగ్ తగిలి మాంగనీస్ మెల్లగా నల్లటి రేణువులవుతుంది, గొట్టాల్లో పేరుకుంటుంది, నీళ్లు వదిలిన మొదటి పావుగంట అదంతా ఊడి వస్తుంది. మామ్మ గారు రోజూ అందరికన్నా ముందు కొళాయి దగ్గర నిలబడి పట్టేది ఆ మొదటి నీళ్లే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటీవలి సంవత్సరాల్లో మాంగనీస్‌కి 0.08 మిల్లీగ్రాముల తాత్కాలిక హద్దు పెట్టింది. పాలపొడి నీళ్లలో కలిపి సీసాతో పట్టే పసిపిల్లల్ని దృష్టిలో పెట్టుకుని పెట్టిన హద్దు అది. పెద్దవాళ్ల శరీరం అవసరానికి మించిన మాంగనీస్‌ని చాలావరకు బయటికి పంపేస్తుంది, నెలల పసిబిడ్డకి ఆ శక్తి ఇంకా రాదు.

పంచాయతీ ఆఫీసు ముందు వేపచెట్టు కింద కూర్చోబెట్టి రెండు రిపోర్టులూ చదివి వినిపించాను. ముందు బోరు సంగతి: ఆర్సెనిక్ 2 మైక్రోగ్రాముల దగ్గరే, స్నానాలకి భయం లేదు, గేదెలకి మాత్రం అంత ఉప్పు నీళ్లు తాగించకండి. అది విన్నాక జనం లేచి వెళ్లబోతుంటే చెరువు సంగతి మొదలుపెట్టాను. ఆర్సెనిక్ అనగానే ఊరంతా వచ్చింది, మాంగనీస్ అంటే సగం మంది ఉన్నారు. ఉన్నవాళ్లకి బిందెలు గుర్తు చేశాను. అప్పుడు ఒక్కొక్కరూ చెప్పడం మొదలుపెట్టారు: గీజరు నుంచి నల్ల నీళ్లు, ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగినప్పుడు మసి లాంటి బురద, కుట్టించిన తెల్ల చొక్కా పాడవడం. ఇరవై రెండు లోహాల రిపోర్టు కన్నా ముందే వాళ్ల దగ్గర సాక్ష్యం ఉంది.

అడిగినవి మూడే. గొట్టం మూతిని తేలే డ్రమ్ముకి కట్టి, పై నుంచి మీటరు లోపు నీళ్లు పీల్చేట్టు మార్చడం. ఫిల్టర్ల ఇసుక పైపొర గీకి, ఒకదాని తర్వాత ఒకటి వాడుకలో పెట్టడం. పసిపిల్లల పాలపొడికి మాంగనీస్ పరీక్ష చేసిన ఆర్వో నీళ్లే వాడడం, కొళాయి వదలగానే మొదటి నీళ్లు పట్టకపోవడం.

డ్రమ్ముకి గొట్టం కట్టే పని 2024 ఫిబ్రవరిలో పూర్తయింది. రొయ్యల రైతే తన ఏరియేటర్ల మెకానిక్‌ని పంపి చేయించారు. ఒక ఫిల్టరు బాగు చేశారు, రెండోది ఇంకా అలాగే ఉంది. 2024 మేలో అదే నెల, అదే కొళాయి, అదే మామ్మ గారి ముందు శాంపిల్ పట్టాను. మొత్తం మాంగనీస్ 0.11 వచ్చింది. బిందె లోపల చేయి పెట్టి తుడిచి చూపించారు, వేళ్లకి నలుపు అంటలేదు. అంకె మాత్రం ఇంకా హద్దు కన్నా కాస్త పైనే ఉంది. అందుకే ఆ వీధిలో అప్పుడే ఎనిమిది నెలల పాప ఉన్న ఇంటికి వెళ్లి, పాలపొడికి ఈ వేసవి కూడా ఆర్వో నీళ్లే కలపమని చెప్పి వచ్చాను.